బంగారం న్యూక్లియస్‌కీ అల్యూమినియం న్యూక్లియస్‌కీ డెన్సిటీ ఒకటేనా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం పైనే న్యూక్లియస్ డెన్సిటీ చుట్టూ తిరుగుతున్నాయి. అందుకే మిగతా టాపిక్స్ వచ్చే నెలకి తోసేసి ఈసారి మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాను.

ప్రశ్న: సార్, నేను ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. న్యూక్లియస్ డెన్సిటీ మాస్ నంబర్ మీద ఆధారపడదు అని క్లాసులో రెండు లైన్లలో ప్రూవ్ చేసేశారు, పైన ఏ, కింద ఏ కొట్టేస్తే అయిపోయింది. బిట్ వస్తే కరెక్ట్‌గానే పెడతాను కానీ మనసుకి ఎక్కట్లేదు. బంగారం అల్యూమినియం కంటే ఏడు రెట్లు బరువు కదా, మరి లోపల న్యూక్లియస్ డెన్సిటీ రెండిటికీ ఒకటే ఎలా అవుతుంది? (ఒక విద్యార్థిని, గుంటూరు)

జవాబు: మనసుకి ఎక్కలేదని ఆగి అడిగావు చూడమ్మా, చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఈ చాప్టర్ మొత్తంలో నిజంగా ఆగాల్సిన చోటు అదే.

ముందు ఆ రెండు లైన్లు ఇక్కడ రాసేస్తా, మిగతా పాఠకులకి కూడా తెలియాలి కదా. న్యూక్లియస్‌లో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి మొత్తం ఎన్ని ఉన్నాయో అదే మాస్ నంబర్, దాన్నే ఏ అంటాం. ప్రోటానైనా న్యూట్రానైనా ఉమ్మడిగా న్యూక్లియాన్ అనే అంటారు, ఒక్కోదాని మాస్ దాదాపు 1.67 × 10 పవర్ మైనస్ 27 కేజీలు. కాబట్టి న్యూక్లియస్ మాస్ ఏ తో పాటు పెరుగుతుంది. రేడియస్ ఏమో ఆర్ నాట్ ఇంటూ ఏ ఘనమూలం, ఇక్కడ ఆర్ నాట్ అంటే 1.2 ఫెమ్టోమీటర్లు, ఒక ఫెమ్టోమీటర్ అంటే 10 పవర్ మైనస్ 15 మీటర్లు. రేడియస్‌ని క్యూబ్ చేయగానే ఘనమూలం పోయి ఉత్త ఏ మిగుల్తుంది, అంటే వాల్యూమ్ కూడా ఏ తో పాటే పెరుగుతుంది. మాస్‌ని వాల్యూమ్‌తో భాగిస్తే ఏ, ఏ కొట్టుకుపోయి ఘనపు మీటరుకి 2.3 × 10 పవర్ 17 కేజీలు అని వస్తుంది, ఇనుమైనా అంతే, సీసమైనా అంతే.

ఇప్పుడు బంగారం సంగతి. బంగారం డెన్సిటీ ఘనపు సెంటీమీటరుకి 19.3 గ్రాములు, అల్యూమినియంది 2.7 గ్రాములు. ఒక్కసారి పెన్ను తీసుకో. ఒక మోల్ బంగారం 197 గ్రాములు, దాన్ని 19.3 తో భాగిస్తే 10.2 సీసీలు. ఒక మోల్ అల్యూమినియం 27 గ్రాములు, 2.7 తో భాగిస్తే 10 సీసీలు. చూశావా, రెండిటిలోనూ అటామ్‌ల సంఖ్య ఒకటే, అవి ఆక్రమించిన చోటు కూడా దాదాపు ఒకటే! అంటే బంగారం అటామ్, అల్యూమినియం అటామ్ దగ్గర దగ్గర ఒకే సైజు, బరువు మాత్రం ఏడు రెట్లు పైన తేడా. లిథియం, యురేనియం తీసుకుంటే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది, లిథియం మోల్‌కి 13 సీసీలు, యురేనియం మోల్‌కి 12.5 సీసీలు, మాస్ 34 రెట్లు పెరిగితే సైజు పెరగకపోగా కాస్త తగ్గింది కూడా.

అటామ్ సైజుని నిర్ణయించేది ఎలక్ట్రాన్లు. ఎలక్ట్రాన్ల సంఖ్య పెరిగే కొద్దీ మధ్యలో ఉన్న పాజిటివ్ చార్జ్ కూడా పెరుగుతుంది, అది లోపలి ఎలక్ట్రాన్లని గట్టిగా దగ్గరికి లాక్కుంటుంది, అందుకే అటామ్ పెద్దగా ఉబ్బదు. న్యూక్లియస్ అలా కాదు, ఒక న్యూక్లియాన్ అదనంగా చేరితే దాని వాటా చోటు అదనంగా తీసుకుంటుంది. అల్యూమినియం న్యూక్లియస్ రేడియస్ 3.6 ఫెమ్టోమీటర్లు (27 కి ఘనమూలం 3 కదా, ఇంటూ 1.2), బంగారానిది దాదాపు 7. రేడియస్ రెట్టింపు కూడా కాలేదు కానీ వాల్యూమ్ లెక్కేస్తే కరెక్ట్‌గా 7.3 రెట్లు. కాబట్టి బంగారం చేతికి బరువుగా తగలడానికి కారణం దాని న్యూక్లియస్ ఇంకా చిక్కగా ఉండటం కాదు, అంతే సైజు అటామ్ మధ్యలో ఏడు రెట్లు పెద్ద న్యూక్లియస్, అదే చిక్కదనంతో, కూర్చుని ఉండటం.

ఇక అసలు సంగతి. ఏ, ఏ కొట్టేయడం లెక్కల్లో ఒక స్టెప్‌లా కనపడుతుంది కానీ నిజానికి అది న్యూక్లియస్ లోపలి బలం ఎలాంటిదో చెప్పే వాక్యం. ఇలా ఆలోచించు: ప్రతి న్యూక్లియానూ మిగతా అన్నిటినీ లాగుతోంది అనుకుందాం, గ్రావిటీలాగా. అప్పుడు సభ్యులు పెరిగే కొద్దీ ఒక్కొక్కరి మీద పడే లాగుడు పెరుగుతూ పోవాలి, ముద్ద ఇంకా ఇంకా బిగుసుకోవాలి, డెన్సిటీ ఏ తో పాటు పెరగాలి. అలా జరగట్లేదు అంటే ఒక న్యూక్లియాన్‌కి మిగతా అందరితో పని లేదు, పక్కన తగిలి ఉన్న నాలుగైదుగురితోనే పని అని అర్థం. న్యూక్లియర్ ఫోర్స్ 1 ఫెమ్టో దూరంలో గట్టిగా లాగుతుంది, రెండు మూడు ఫెమ్టోలు దాటితే దాదాపు సున్నా, అర ఫెమ్టో కంటే దగ్గరికి వస్తే తిరగబడి తోసేస్తుంది. మరీ దగ్గరికి రానివ్వదు, దూరంగా పోనివ్వదు, కాబట్టి ఇద్దరి మధ్య ఎడం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. సీసం న్యూక్లియస్ నడిమధ్యలో ఉన్న న్యూట్రాన్‌కి చుట్టూ ఎంతమంది ఉన్నారో కాల్షియం నడిమధ్యలో ఉన్నదానికీ దాదాపు అంతమందే, బయట ఇంకా వంద మంది ఉన్నారన్న సంగతి దానికి తెలిసే దారే లేదు.

దీనికి సాక్ష్యం బైండింగ్ ఎనర్జీలో (న్యూక్లియస్‌ని విడి న్యూక్లియాన్లుగా విడగొట్టడానికి పట్టే ఎనర్జీలో) ఉంది, లెక్క చూపిస్తా. ఇనుము 56 లో ఎన్ని జతలు కట్టొచ్చు? 56 ఇంటూ 55 బై 2, 1540 జతలు. సీసం 208 లో 21,528 జతలు. ఒక్కో న్యూక్లియాన్ వాటాకి ఇనుములో 27.5 జతలు వస్తే సీసంలో 103.5, దాదాపు నాలుగు రెట్లు. జతలన్నీ లెక్కలోకి వచ్చేవే అయితే సీసంలో ఒక్కో న్యూక్లియాన్‌కి బైండింగ్ ఎనర్జీ కూడా నాలుగు రెట్లు ఉండాలి. కొలిస్తే ఏముంది? ఇనుముకి 8.79 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, న్యూక్లియస్ లెక్కల్లో వాడే ఎనర్జీ యూనిట్), సీసానికి 7.87 ఎంఈవీ. పెరగకపోగా కొంచెం తగ్గింది, ఆ తగ్గుదలకి ముఖ్య కారణం ప్రోటాన్ల మధ్య కరెంటు వికర్షణ, ఎందుకంటే అది మాత్రం దూరం చూడదు, ప్రతి ప్రోటాన్ ప్రతి ప్రోటాన్‌నీ తోస్తుంది. స్థిరమైన డెన్సిటీ, దాదాపు స్థిరమైన బైండింగ్ ఎనర్జీ, ఈ రెండూ ఒకే విషయానికి రెండు ముఖాలు. సిలబస్‌లో వీటిని రెండు వేరు వేరు హెడ్డింగ్‌ల కింద పెట్టడం వల్ల పిల్లలకి ఆ లింకు తెగిపోతోంది, అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ప్రశ్న: నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఆర్ నాట్ విలువ ఒక పుస్తకంలో 1.1, ఒకదాంట్లో 1.2, ఇంకోదాంట్లో 1.25, పాతవాటిలో 1.4 కూడా చూశాను. ఒక్కోదాంతో చేస్తే డెన్సిటీ ఒక్కోలా వస్తోంది. పిల్లలు ఏది రైట్ అని అడుగుతుంటే ఏం చెప్పాలి? (ఒక లెక్చరర్, కాకినాడ)

జవాబు: మేడమ్, పరీక్ష వరకూ అయితే ఎన్‌సీఈఆర్‌టీలో ఉన్న 1.2 చెప్పేయండి, దానితో వచ్చే 2.3 × 10 పవర్ 17 అన్నదే ఆప్షన్లలో ఉంటుంది. 1.1 పెడితే 3.0, 1.3 పెడితే 1.8, 1.4 పెడితే 1.45 వస్తాయి (అన్నీ ఇంటూ 10 పవర్ 17), రేడియస్‌లో చిన్న తేడా క్యూబ్ అయ్యేసరికి అంత అవుతుంది.

కానీ ఎందుకు ఇన్ని విలువలు అన్నది పిల్లలకి చెప్పాల్సిన విషయమే. న్యూక్లియస్ గీసినట్టు అంచు ఉన్న గోళీ కాదు. మధ్యలో డెన్సిటీ చదునుగా ఉండి, అంచు దగ్గరికి వచ్చేసరికి మెల్లగా పల్చబడుతుంది. 90 శాతం నుంచి 10 శాతానికి పడిపోవడానికి దాదాపు 2.4 ఫెమ్టోమీటర్లు పడుతుంది. మరి రేడియస్ అంటే ఎక్కడిదాకా కొలవాలి? డెన్సిటీ సగానికి పడిన చోటు దాకా అంటే ఆర్ నాట్ 1.1 దగ్గర వస్తుంది. చార్జ్ మొత్తాన్నీ ఒకే డెన్సిటీ ఉన్న గోళంగా సర్దేసి దాని రేడియస్ తీసుకుంటే, బరువైన వాటికి 1.2 వస్తుంది. న్యూక్లియర్ ఫోర్స్‌తో తాకే ఆల్ఫాలు (హీలియం న్యూక్లియస్‌లు), ఇతర కణాలతో కొలిస్తే వాటి సైజూ ఫోర్స్ రేంజీ కూడా కలిసి ఇంకా ఎక్కువ వస్తుంది, పాత పుస్తకాల్లో పెద్ద విలువలు అందుకే. పొగమంచు ఎక్కడ మొదలైందో చెప్పమన్నట్టే ఇది, ఎవరు ఎక్కడ గీత గీశారన్నదే తేడా. నిజంగా మధ్యభాగం డెన్సిటీ ఎంత అంటే ఒక ఘనపు ఫెమ్టోమీటరులో 0.16 న్యూక్లియాన్లు, అంటే ఘనపు మీటరుకి దాదాపు 2.7 × 10 పవర్ 17 కేజీలు. అన్నిట్లోనూ ఏ ఘనమూలం అన్న భాగం మాత్రం మారట్లేదు చూడండి, క్లాసులో ఒత్తి చెప్పాల్సింది అదే.

ప్రశ్న: ఇంత చిన్న వస్తువు రేడియస్ ఎలా కొలిచారు? ఫార్ములా ఎవరో ఊహించి రాసిందా, కొలిచి రాసిందా? (బీఎస్సీ విద్యార్థి, వరంగల్)

జవాబు: కొలిచే రాశారు, అదీ ఒక్కరోజులో కాదు. మాంచెస్టర్‌లో గైగర్, మార్స్‌డెన్ 1909లో పల్చటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు వదిలితే కొన్ని వెనక్కి తిరిగి వచ్చాయి, దాని మీద 1911లో రూథర్‌ఫర్డ్ లెక్క కట్టారు, ఇది అందరికీ తెలిసిందే. అందులో రేడియస్‌కి సంబంధించిన ముక్క చూడండి. 7.7 ఎంఈవీ ఎనర్జీ ఉన్న ఆల్ఫా నేరుగా బంగారం న్యూక్లియస్ మీదికి వెళ్తే ఎంత దగ్గరికి పోయి ఆగిపోతుంది? 2 ఇంటూ 79 ఇంటూ 1.44 బై 7.7, అంటే దాదాపు 30 ఫెమ్టోమీటర్లు. అక్కడిదాకా మామూలు కూలుంబ్ లెక్క (చార్జ్‌ల మధ్య వికర్షణ లెక్క) పక్కాగా సరిపోయింది. కాబట్టి న్యూక్లియస్ 30 కంటే చిన్నదని తేలింది కానీ ఎంతో తేలలేదు. అల్యూమినియం లాంటి తేలిక వాటిలో చార్జ్ తక్కువ కాబట్టి ఆల్ఫా 5 ఫెమ్టోల దాకా చొచ్చుకుపోగలదు, అక్కడ కూలుంబ్ లెక్క తప్పడం మొదలైంది. అంటే అంచు తగిలింది అన్నమాట.

అసలైన కొలత మాత్రం 1950లలో స్టాన్‌ఫర్డ్‌లో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ చేసింది. ఆయన ఆల్ఫాలు వదిలేసి ఎలక్ట్రాన్లు తీసుకున్నారు, ఎందుకంటే ఎలక్ట్రాన్‌కి న్యూక్లియర్ ఫోర్స్ పట్టదు, అది చార్జ్‌ని మాత్రమే చూస్తుంది, లెక్క శుభ్రంగా ఉంటుంది. 400 ఎంఈవీ ఎలక్ట్రాన్‌కి తరంగదైర్ఘ్యం 3 ఫెమ్టోమీటర్లు, అంటే న్యూక్లియస్ కంటే చిన్నది, కాబట్టి అది న్యూక్లియస్‌ని ఒక చుక్కలా కాకుండా ఒక ఆకారంలా చూస్తుంది. చిన్న రంధ్రం గుండా వెలుతురు వెళ్తే చీకటి, వెలుగు వలయాలు వస్తాయి కదా, అలాగే ఎలక్ట్రాన్లు కొన్ని కోణాల్లో బాగా తగ్గిపోయాయి, ఆ కోణం బట్టి సైజు, ఆ తగ్గుదల ఎంత లోతుగా ఉందన్నదాన్ని బట్టి అంచు ఎంత మెత్తగా ఉందో కూడా తెలిసిపోయింది. కార్బన్ నుంచి సీసం, బిస్మత్ దాకా ఒకదాని తర్వాత ఒకటి కొలుచుకుంటూ పోతే మరీ తేలికవి తప్ప మిగతా అన్నిటికీ మధ్యలో డెన్సిటీ దాదాపు ఒకటే, అంచు మందం కూడా దాదాపు ఒకటే అని వచ్చింది. 1961 నోబెల్ ఆయనకి వచ్చింది దీనికే, ఆ ఏడాది మాస్‌బవర్‌తో పంచుకున్నారు. సీసం 208 ని అలా కొలిస్తే సమాన గోళం రేడియస్ 7.1 వస్తుంది, మీరు 208 ఘనమూలాన్ని 1.2 తో గుణించి చూడండి, 7.1 ఏ వస్తుంది.

ఒక్క లోటు ఉంది, ఎలక్ట్రాన్ చూసేది ప్రోటాన్లనే. సీసంలో 82 ప్రోటాన్లకి 126 న్యూట్రాన్లు ఉన్నాయి, వాటి సంగతి ఎలా? దానికి అమెరికాలో వర్జీనియాలోని జెఫర్సన్ ల్యాబ్ వాళ్ళు వీక్ ఫోర్స్‌ని (ప్రకృతిలోని నాలుగు మూల బలాల్లో ఒకటి) వాడుకున్నారు, అది ఎక్కువగా న్యూట్రాన్లకే స్పందిస్తుంది. ప్రయోగం పేరు ప్రెక్స్, 2021లో వచ్చిన ఫలితం ప్రకారం సీసంలో న్యూట్రాన్లు ప్రోటాన్ల కంటే 0.28 ఫెమ్టోమీటర్లు బయటికి వచ్చి ఉన్నాయి, పైన పల్చటి న్యూట్రాన్ చర్మంలాగా. 0.28 కి అంత హడావిడి ఎందుకు అంటారేమో, ఆ చర్మం మందం నుంచే న్యూట్రాన్ స్టార్ (దాదాపు మొత్తం న్యూట్రాన్లతోనే నిండిన, కుంచించుకుపోయిన నక్షత్రం) ఎంత పెద్దగా ఉండాలో అంచనా కడుతున్నారు.

ప్రశ్న: హైడ్రోజన్, హీలియం లాంటి చిన్నవాటికి కూడా ఈ ఫార్ములా పనిచేస్తుందా? (విజయనగరం)

జవాబు: సరిగ్గా పనిచేయదండీ. పైన చెప్పిన అంచు గుర్తుంటే కారణం వెంటనే దొరికిపోతుంది. సీసం రేడియస్ 7, అందులో మెత్తటి అంచు 2.4, కాబట్టి మధ్యలో చదునైన భాగం బోలెడు మిగుల్తుంది. కార్బన్‌కి ఫార్ములా ఇచ్చే రేడియస్సే 2.7, అంచుకే అది సరిపోతుంది, ఇక చదునైన మధ్యభాగం ఎక్కడ? చిన్న న్యూక్లియస్ మొత్తం అంచే. హీలియం 4 ఏమో మిగతా వాటికంటే బిగువుగా ఉంటుంది, ప్రోటాన్‌కి ఈ ఫార్ములా వాడటంలో అర్థమే లేదు.

ఇంకో మంచి ఉదాహరణ లిథియం 11. మూడు ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లు. 1985లో బర్క్‌లీలో తనిహత బృందం దీని సైజు చూస్తే పక్కనున్న ఐసోటోపుల కంటే బాగా పెద్దగా వచ్చింది. చివరి రెండు న్యూట్రాన్లు మరీ వదులుగా అంటుకుని ఉండటం వల్ల అవి చాలా దూరం పరుచుకుంటాయి, ఎంతంటే ఆ పరుచుకున్న మేర సీసం న్యూక్లియస్ సైజుతో పోల్చదగ్గది. 11 న్యూక్లియాన్లు ఎక్కడ, 208 ఎక్కడ! కాబట్టి డెన్సిటీ మాస్ నంబర్ మీద ఆధారపడదు అన్నది మధ్యస్థం నుంచి బరువైన దాకా ఉన్న, గట్టిగా కట్టుబడిన న్యూక్లియస్‌లకి చెప్పే మాట. ఇంకొకటి, మాస్ సరిగ్గా ఏ రెట్లు కాదు, బైండింగ్ ఎనర్జీ వల్ల దాదాపు 1 శాతం లోపు తగ్గుతుంది, దాన్ని డెన్సిటీ లెక్కల్లో పట్టించుకోనక్కర్లేదు.

ప్రశ్న: మా బాబు ఒక చెంచాడు న్యూక్లియస్ పదార్థం కోట్ల టన్నులుంటుంది అంటున్నాడు. నిజమా? అలాంటిది భూమ్మీద తెచ్చి పెట్టగలమా? (ఒక తల్లి, హైదరాబాద్)

జవాబు: నిజమేనండీ, బాబు కరెక్ట్‌గానే చెప్పాడు. చెంచా కూడా ఎందుకు, ఒక్క సీసీ తీసుకుంటే 23 కోట్ల టన్నులు. మనకి పేపర్లో రోజూ కనపడే టీఎంసీల్లోకి మారుద్దాం, ఒక టీఎంసీ నీళ్ళ బరువు 2.83 కోట్ల టన్నులు, అంటే ఒక్క సీసీ న్యూక్లియర్ పదార్థం 8 టీఎంసీల నీళ్ళకి సమానం. గండిపేట 3.9, హిమాయత్‌సాగర్ 2.97, రెండూ నిండా నిండినా కలిపి 7 టీఎంసీలు కాదు.

తెచ్చి పెట్టడం మాత్రం కుదరదు. ప్రోటాన్లు కలిసి ఉన్న పెద్ద ముద్ద కరెంటు వికర్షణకి ఆగదు, మనిషి ఇప్పటిదాకా తయారు చేసిన వాటిలో అతి బరువైనది ఓగనెస్సన్, ఏ విలువ 294, దాని రేడియస్ కూడా 8 ఫెమ్టోమీటర్లే, అదీ సెకనులో వెయ్యో వంతు కూడా సరిగ్గా నిలవదు. పోనీ ఉత్త న్యూట్రాన్లు పెడదామంటే వాటిని పట్టి ఉంచేంత బలం న్యూక్లియర్ ఫోర్స్‌కి లేదు, పైగా బయట ఉన్న న్యూట్రాన్ సగటున పావుగంటలో ప్రోటాన్‌గా మారిపోతుంది. మన చుట్టూ ఉన్న వస్తువుల్లో న్యూక్లియస్‌లు ఆక్రమించే చోటు ఎంత తక్కువంటే, బంగారం ముక్కలో 12 లక్షల కోట్లలో ఒక వంతు, అయినా దాని బరువంతా దాదాపు అక్కడే ఉంది.

ప్రశ్న: న్యూట్రాన్ స్టార్‌ని పెద్ద న్యూక్లియస్ అనొచ్చా? అంటే ఆర్ నాట్ ఏ ఘనమూలం దానికీ పెట్టొచ్చా? (ఒక పాఠకుడు, డాలస్)

జవాబు: పెట్టి చూద్దాం, నాకు ఈ లెక్క అంటే ప్రాణం. సూర్యుడికి 1.4 రెట్లు మాస్ అంటే 2.8 × 10 పవర్ 30 కేజీలు. దాన్ని ఒక న్యూక్లియాన్ మాస్‌తో భాగిస్తే ఏ విలువ 1.7 × 10 పవర్ 57. దాని ఘనమూలం 1.19 × 10 పవర్ 19. ఇంటూ 1.2 ఫెమ్టోమీటర్లు. వచ్చింది 14 కిలోమీటర్లు! నిజమైన న్యూట్రాన్ స్టార్ రేడియస్ 11, 12 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. అల్యూమినియం న్యూక్లియస్ కోసం వాడిన ఫార్ములా 10 పవర్ 55 రెట్లకు పైగా బరువైన దాని దగ్గర కూడా ఇంత దగ్గరగా వస్తుంది.

ఆ 14 కీ 12 కీ మధ్య తేడాని తేలిగ్గా వదలకండి, అందులోనే జవాబుంది. న్యూక్లియస్‌ని పట్టి ఉంచేది పక్కవాళ్ళని మాత్రమే చూసే న్యూక్లియర్ ఫోర్స్. న్యూట్రాన్ స్టార్‌ని పట్టి ఉంచేది గ్రావిటీ, అది అందరినీ చూస్తుంది, పై పొరలన్నీ మధ్యభాగాన్ని నొక్కుతాయి. అందుకే సగటు డెన్సిటీ న్యూక్లియస్ కంటే ఒకటిన్నర రెట్లు దాటుతుంది, నడిమధ్యలో ఇంకా చాలా ఎక్కువ. గ్రావిటీ చేతిలో పడితే ఏమవుతుందో వైట్ డ్వార్ఫ్‌లో (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన నక్షత్రంలో) ఇంకా స్పష్టంగా ఉంటుంది. చంద్రశేఖర్ గారు 1930లలో పనిచేసింది వీటి మీదే. మామూలు వైట్ డ్వార్ఫ్‌కి మాస్ పెరిగితే రేడియస్ తగ్గుతుంది, మాస్ పవర్ మైనస్ 1/3 గా. న్యూక్లియస్‌కి ప్లస్ 1/3, దానికి మైనస్ 1/3! ఒక దాంట్లో డెన్సిటీ కదలదు, ఇంకో దాంట్లో మాస్ రెట్టింపైతే డెన్సిటీ నాలుగు రెట్లవుతుంది. చివరికి 1.4 సూర్యుల దగ్గర ఇక నిలబడలేని స్థితి వస్తుంది, దాన్నే చంద్రశేఖర్ లిమిట్ అంటాం. కాబట్టి డెన్సిటీ విషయంలో పెద్ద న్యూక్లియస్ అనొచ్చు, కట్టుబడి ఉండే తీరులో అనకూడదు.

ప్రశ్న: గ్రాఫ్ బిట్స్‌లో తికమక పడుతున్నా, ఏ తో పాటు ఏది ఎలా ఉంటుందో చెప్పండి. (నీట్ అభ్యర్థి, నెల్లూరు)

జవాబు: రేడియస్ క్యూబ్‌కీ ఏ కీ గీస్తే ఆరిజిన్ గుండా పోయే స్ట్రెయిట్ లైన్. లాగ్ రేడియస్‌కీ లాగ్ ఏ కీ గీస్తే స్లోప్ 1/3 ఉన్న స్ట్రెయిట్ లైన్. డెన్సిటీకీ ఏ కీ గీస్తే అడ్డంగా పోయే గీత. ఉత్త రేడియస్‌కి గీస్తే మొదట గబగబా లేచి తర్వాత వంగే కర్వ్. అల్యూమినియం 27, టెల్లూరియం 125 ఇచ్చి రేడియస్‌లు అడిగితే ఘనమూలాలు 3, 5, కాబట్టి 3.6, 6.0 ఫెమ్టోమీటర్లు. కాల్షియం 40, ఆక్సిజన్ 16 ఇచ్చి డెన్సిటీల నిష్పత్తి అడిగితే లెక్క మొదలుపెట్టొద్దు, ఒకటి అని పెట్టేయ్.

ప్రశ్న: మాది తుమ్మలపల్లె యురేనియం గని దగ్గరి ఊరు. యురేనియం న్యూక్లియస్ అన్నిటికంటే చిక్కగా ఉంటుంది కాబట్టే అంత ఎనర్జీ వస్తుందని మా ఊళ్ళో అంటుంటారు. నిజమేనా? (కడప జిల్లా)

జవాబు: కాదండీ, యురేనియం న్యూక్లియస్ డెన్సిటీ మీ ఇంట్లో ఇనుప గరిటెలో ఉన్న న్యూక్లియస్‌లదే. ఎనర్జీ చిక్కదనం నుంచి రాదు. యురేనియం రెండు ముక్కలైనప్పుడు డెన్సిటీ మారదు కాబట్టి మొత్తం వాల్యూమ్ కూడా మారదు, ముక్కల వాల్యూమ్‌లు కలిపితే దాదాపు అసలు వాల్యూమే. మారేవి రెండు. ఒకటి ఉపరితలం, రెండు సమాన ముక్కలైతే అది 26 శాతం పెరుగుతుంది, దానికి ఎనర్జీ ఖర్చవుతుంది. రెండోది ప్రోటాన్ల వికర్షణ, 92 ప్రోటాన్లు ఒకే ముద్దలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నవి రెండు గుంపులై దూరం జరుగుతాయి, అక్కడ బోలెడు ఎనర్జీ విడుదలవుతుంది. ఖర్చు పోగా మిగిలేది ఒక్కో ఫిషన్‌కి దాదాపు 200 ఎంఈవీ.

ఇది మొట్టమొదట లెక్క కట్టింది లీజా మైట్నర్, ఆమె అక్క కొడుకు ఆటో ఫ్రిష్. 1938 క్రిస్మస్ సెలవుల్లో స్వీడన్‌లో ఇద్దరూ మంచులో నడుస్తూ, బెర్లిన్ నుంచి కెమిస్ట్ ఆటో హాన్ రాసిన ఉత్తరం గురించి మాట్లాడుకున్నారు, యురేనియం మీద న్యూట్రాన్లు వేస్తే బేరియం వస్తోందని అందులో ఉంది. న్యూక్లియస్‌ని డెన్సిటీ మారని ద్రవబిందువుగా ఊహించుకుని, అది సాగి, నడుం సన్నబడి, రెండైతే ఆ ముక్కలు ఎంత వేగంతో విడిపోతాయో చూశారు, 200 ఎంఈవీ వచ్చింది. మరి అంత ఎనర్జీ ఎక్కడిది అని మైట్నర్ మాస్‌ల తేడా వేసి చూస్తే ఒక ప్రోటాన్ మాస్‌లో ఐదో వంతు తగ్గుతోంది, దాన్ని ఐన్‌స్టీన్ సమీకరణంలో పెడితే అదీ 200 ఎంఈవీయే.